సొంత డిజైన్‌తో రంగుల ఊలు టోపీ: రంగుల ఎంపిక నుంచి నడినెత్తి దాకా

మీరు అడిగినవి ప్రధానంగా మూడు విషయాలు. ఉండలుగా ఉన్నప్పుడు ముచ్చటగా కనిపించిన మిరపపండు ఎరుపు, ఆకుపచ్చ రంగులు అల్లేసరికి బొమ్మే తెలియకుండా ఎందుకు కలిసిపోయాయి? సాదా టోపీ చక్కగా సరిపోయిన తలకే, అన్నే కుట్లతో అల్లిన రంగుల టోపీ ఎందుకు బిగుతైంది? పక్కల్లో కుదురుగా వచ్చిన బొమ్మ నడినెత్తికి చేరేసరికి ఎందుకు చెదిరిపోయింది? వీటితో పాటు, ఇతరులు గీసిన నమూనాలను చూసి అల్లడం మాని సొంతంగా డిజైన్ చేయగలనా అని కూడా అడిగారు. తప్పకుండా చేయగలరు. సాదా టోపీ అల్లడం వచ్చినవారికి కొత్తగా నేర్చుకోవలసిన చేతిపని కొంచెమే ఉంటుంది. ఎక్కువ శ్రమ పడవలసింది సూదులు పట్టుకోకముందు, గళ్ల కాగితం మీద. మీ మూడు ఇబ్బందులూ అక్కడ పరిష్కారమయ్యేవే.

మీరు చేసినది ఒక్కొక్క చుట్టులో రెండేసి రంగులు నడుపుతూ, అప్పటికి అక్కరలేని రంగును వెనకవైపు అడ్డంగా తీసుకుపోయే పద్ధతి. స్కాట్లండ్‌కు ఉత్తరాన, ఆర్క్‌నీ, షెట్లండ్ దీవుల నడుమ ఉన్న ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి పేరుతో ఇది ప్రపంచమంతటా ప్రసిద్ధమైంది. పెరూలో టిటికాకా సరస్సులోని టకీలే దీవిలోనూ ఇదే పద్ధతి ఉంది. అక్కడ అల్లేది మగవారు. వాళ్లు చిన్నతనంలోనే నేర్చుకుని, చుల్లో అనే కోసు టోపీని ఎంతో సన్నని సూదులతో చాలా దట్టంగా అల్లుతారు. పెళ్లైనవారి టోపీ మొత్తం ఎర్రటి బొమ్మలతో నిండి ఉంటే, పెళ్లికానివారి టోపీ పైభాగం తెల్లగా ఉంటుంది. ఆ దీవి వస్త్రకళను యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా ప్రకటించి, 2008లో తన జాబితాలో చేర్చింది. ఎంతో దూరాన ఉన్న ఈ రెండు దీవుల పనిలోనూ నాకు కనిపించే సమాన గుణం ఒకటుంది. రంగులు ఎన్ని ఉన్నా, ఒక్క చుట్టులో దాదాపు ఎప్పుడూ రెండే ఉంటాయి, ఆ రెండింటిలో ఒకటి ముదురు, ఒకటి లేత.

మీ మొదటి ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది. ఎరుపు, ఆకుపచ్చ పరస్పరం ఎంత భిన్నమైన రంగులైనా, మీరు ఎంచుకున్న ఛాయల్లో వాటి వెలుగు ఇంచుమించు సమానం. ఊలు కుట్టు చిన్నది, దాని అంచు నూగుగా ఉంటుంది, పైగా టోపీని మనం రెండు మూడు గజాల దూరం నుంచి చూస్తాం. అంత దూరంలో బొమ్మ అంచును కన్ను పట్టుకునేది ప్రధానంగా వెలుగులోని తేడాతోనే. అందువల్ల రంగులు ఎంచేటప్పుడు ముందుగా ఉండలన్నిటినీ వరుసగా పేర్చి ఫోన్‌తో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఒకే బూడిద రంగులో కలిసిపోయిన రెండు ఉండలను ఒకే చుట్టులో ఎప్పుడూ జత చేయకండి. మీ మిరపపండు ఎరుపును వదులుకోనవసరం లేదు. దాని పక్కన ఆకుపచ్చకు బదులు మీగడ తెలుపో, లేత గంధం రంగో, లేదా బాగా ముదురు నేరేడు రంగో పెట్టండి. ఆ ఆకుపచ్చను కూడా టోపీలోనే ఉంచుకోవచ్చు, కాకపోతే ఎరుపు లేని చుట్లలో, మళ్లీ ఒక లేత రంగుకు జతగా.

రంగు పక్కనున్న రంగును బట్టి మారుతుందన్న సంగతిని శాస్త్రీయ సూత్రంగా వివరించినవారు ఊలు అద్దకంతో సంబంధం ఉన్న మనిషే కావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం. 19వ శతాబ్దంలో పారిస్‌లోని గోబెలిన్ అనే బొమ్మల తెరల (టేపెస్ట్రీ) కర్మాగారంలో అద్దకాల విభాగాన్ని చూసిన షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల ఊలు సరిగా నల్లగా రావడం లేదని ఫిర్యాదులు అందేవి. అద్దకంలో లోపమేమీ లేదనీ, పక్కనున్న నీలం వంటి రంగుల వల్లే ఆ నలుపు వెలవెలబోతోందనీ ఆయన తేల్చి, 1839లో ఆ సూత్రాన్ని ప్రకటించారు. మనకు దీని వల్ల కలిగే ఉపయోగం చిన్నది కాదు. ఎరుపు నడుమ పెట్టిన బూడిద రంగు కుట్టు కొంచెం ఆకుపచ్చగా తోస్తుంది, ముదురు నీలం నడుమ పెట్టిన తేనె రంగు కుట్టు దీపం వెలిగించినట్టు కనిపిస్తుంది. కాబట్టి దుకాణంలో ఉండను చూసి రంగును నిర్ణయించకుండా, రెండు దారాలను కలిపి మెలిపెట్టి చేతిని దూరంగా చాపి చూడండి. ఆ మెలిక మచ్చమచ్చలుగా స్పష్టంగా కనిపిస్తే జత కుదిరినట్టు. రెండూ కలిసి మూడో రంగుగా తోస్తే ఆ జతను ఇంకొక చోటికి దాచండి.

ఐదారు రంగులు వాడాలని ఉంటే ఫెయిర్ ఐల్ పద్ధతిని గమనించండి. వాళ్లు ఒక పట్టీలో నేపథ్యం రంగును అంచు నుంచి నడుమకు ముదురు నుంచి లేతకో, లేత నుంచి ముదురుకో మెల్లగా మార్చి, నడి వరుస దాటాక అదే క్రమంలో వెనక్కి తీసుకువస్తారు. బొమ్మ రంగు కూడా మారుతుంది. నా అభిప్రాయంలో కొత్తవారు ఆ రెండు మార్పులనూ ఒకే చుట్టులో చేయకపోవడం మంచిది, ఎందుకంటే ఒకటి నిలకడగా ఉన్నప్పుడే రెండోదాని మార్పు మృదువుగా కనిపిస్తుంది. పట్టీ నడి వరుసలో మాత్రం ఒక మెరుపు రంగు, పసుపో, నెమలికంఠమో, ఒక్క చుట్టు వేస్తే టోపీ అంతా జీవం పోసుకుంటుంది. అదే రంగును నాలుగు చుట్లు వేస్తే మిగిలిన రంగులన్నిటినీ మింగేస్తుంది. స్వీడన్‌లో ఎమ్మా యాకబ్‌సన్ 1939లో ప్రారంభించి, 1969 వరకు నడిచిన బోహూస్ అల్లిక సంస్థవారు ఇంకొక దారి పట్టారు. రాళ్ల పనులు దెబ్బతిన్న ప్రాంతంలోని స్త్రీలకు ఉపాధి కోసం మొదలైన ఆ సంస్థలో, బొమ్మ మధ్యలో అక్కడక్కడ పర్ల్ కుట్లు (సాదా నిట్ కుట్టుకు తిరగ ముఖం, ఉబ్బెత్తుగా కనిపించేవి) ముందువైపుకు వేసి, ఒక రంగు పక్క రంగులోకి ఒలికినట్టు చేసేవారు. మీకు రెండు మూడు టోపీలు అలవాటయ్యాక దాన్ని ప్రయత్నించండి. రంగులు మధ్యమధ్య వాటంతట అవే మారే ఊలును వాడాలనుకుంటే, దానికి జతగా ఒకే రంగు ఊలును, అందులోని ఏ ఛాయకంటే కూడా స్పష్టంగా ముదురుగానో లేతగానో ఉన్నదాన్ని తీసుకోండి.

ఇక బిగుతు సంగతి. సాదా అల్లికలో ప్రతి కుట్టూ ఉంగరంలా వంగి ఉంటుంది కనుక లాగితే సాగుతుంది. రెండు రంగుల అల్లికలో వెనకవైపు దారం కుట్టుగా మారకుండా తిన్నగా పోతుంది. తిన్నటి దారం సాగదు, టోపీ మొత్తాన్ని అదే పట్టి ఉంచుతుంది. దీనికి మూడు జాగ్రత్తలు చెబుతాను. మొదటిది, రంగు మార్చే ముందు కుడి సూది మీదున్న కుట్లను వేలితో వెడల్పుగా పరచి, ఆ వెడల్పుకు సరిపడా దారం వెనక వదలడం. రెండోది, చేయి సహజంగా బిగుతైతే టోపీని తిరగవేసి, లోపలి వైపు బయటికి ఉండేలా పట్టుకుని అల్లడం. అప్పుడు వెనక దారం వలయానికి బయటి అంచు మీదుగా పోతుంది కనుక తనంతట తానే కొంచెం ఎక్కువ పొడవు తీసుకుంటుంది. మూడోది, ఐదారు కుట్ల కంటే ఎక్కువ దూరం పోయే దారాన్ని మధ్యలో ఒకసారి అల్లే దారంతో చిక్కించడం. పై చుట్టులోనూ సరిగ్గా అదే చోట చిక్కిస్తే ముందువైపు నిలువు చార పడుతుంది కాబట్టి ఆ చోటును మారుస్తూ ఉండాలి. ఆండీస్ కొండల్లోని అల్లికవారు దారాన్ని మెడ చుట్టూ తిప్పుకుని, టోపీ లోపలి వైపు తమకు ఎదురుగా పెట్టుకుని పర్ల్ కుట్లతోనే అల్లుతారు. వెనక దారాలన్నీ వాళ్ల కళ్లముందే ఉంటాయి. అల్లిక అంత తీరుగా రావడానికి అదొక కారణమని నేను నమ్ముతాను.

రెండు దారాల్లో ఏది కింది నుంచి వస్తుందో, ఏది పై నుంచి వస్తుందో మొదటి చుట్టులోనే నిర్ణయించుకోండి. కింది నుంచి వచ్చే దారం కుట్టు కొంచెం పెద్దదై ముందుకు కనిపిస్తుంది, అందుకని బొమ్మ రంగు కింద ఉండాలి. ఎడమచేతిలో ఒకటి, కుడిచేతిలో ఒకటి పట్టుకునేవారు బొమ్మ రంగును ఎడమచేతికి ఇస్తే ఇది సులువుగా జరుగుతుంది. మధ్యలో చేతులు మారితే, తప్పు ఎక్కడుందో తెలియకుండానే ఆ పట్టీ మసకబారినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు లెక్క. ముందుగా మీరు వాడబోయే ఊలుతో, సూదులతో, రెండు రంగులతోనే ఒక నమూనా ముక్క అల్లి, తడిపి ఆరబెట్టి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు ఉన్నాయో కొలవండి. ముక్కను చదునుగా అల్లాలనుకుంటే వరుస చివర తిప్పి పర్ల్ వేయకుండా, దారాన్ని వెనకగా వదులుగా తెచ్చి మళ్లీ కుడి అంచు నుంచే నిట్ కుట్లు వేయండి. చుట్టూ అల్లిన టోపీ కొలతకు అదే దగ్గరగా ఉంటుంది. ఉదాహరణకు 10 సెంటీమీటర్లకు 24 కుట్లు, 28 వరుసలు వచ్చాయనుకుందాం. తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు. సాదా టోపీని తల కంటే ఐదు సెంటీమీటర్లు తక్కువగా అల్లినా సాగి సరిపోతుంది. రంగుల టోపీని రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లకు మించి తగ్గించకూడదు. మూడు తగ్గించి 53 తీసుకుంటే 127 కుట్లు వస్తాయి.

ఈ 127 దగ్గరే డిజైన్ మొదలవుతుంది. 128 తీసుకుంటే 4, 8, 16, 32 కుట్ల బొమ్మలు చుట్టూ సరిగ్గా పడతాయి. 126 అయితే 6, 7, 9, 14, 18 కుట్లవి పడతాయి. 12 కుట్ల బొమ్మే కావాలంటే 132కు వెళ్లి, సూదిని ఒక మెట్టు తగ్గించాలి. బొమ్మను ముందు గీసుకుని తర్వాత కుట్లను దానికి ఇరికించేవారికి చుట్టు చివర సగం బొమ్మ మిగిలిపోతుంది. మనం 128ని ఎంచుకుందాం. అంచు రిబ్బింగ్‌కు, అంటే నిట్, పర్ల్ కుట్లను మార్చి మార్చి వేసే సాగే అల్లికకు, 116 కుట్లు చాలు. టోపీ ఒంటికి వాడే సూది కంటే ముప్పావు మిల్లీమీటరు సన్నని సూదితో నాలుగు సెంటీమీటర్లు అల్లి, ఆ తర్వాతి చుట్టులో 12 కుట్లు పెంచితే అంచు పట్టుగా, ఒళ్లు తేలికగా ఉంటుంది. నుదురు దురద పెడుతుందని ఫిర్యాదు చేసేవారికి ఈ అంచును మెత్తని ఊలుతో రెట్టింపు పొడవు అల్లి లోపలికి మడిచి కుట్టేయవచ్చు.

చెవులు కప్పే టోపీ అంచు నుంచి నడినెత్తి దాకా సుమారు 22 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో రిబ్బింగ్‌కు నాలుగు, పైన కుట్లు తగ్గించే భాగానికి పదిన్నర పోతే, నిటారుగా ఉండే పక్క భాగం ఏడున్నర సెంటీమీటర్లే, అంటే దాదాపు 21 చుట్లు. మీ బొమ్మకు దొరికే స్థలం అంతే. చాలామంది 40 వరుసల బొమ్మ గీసుకుని, అది సగంలోనే తగ్గింపు భాగంలోకి వెళ్లి చెదిరిపోతే బాధపడతారు. మీ విషయంలో జరిగినదీ అదే కావచ్చు.

గళ్ల కాగితం మీద గీసేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మన ఉదాహరణలో కుట్టు వెడల్పు 4.2 మిల్లీమీటర్లు, ఎత్తు 3.6 మిల్లీమీటర్లు. చదరపు గళ్లలో గీసిన 24 గళ్ల గుండ్రటి పువ్వు అల్లికలో 10 సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల ఎత్తుతో అణిగిపోయి వస్తుంది. కాబట్టి గళ్లను కూడా అదే నిష్పత్తిలో గీసుకోవడం మంచిది.

ఏ బొమ్మ గీయాలన్న ప్రశ్నకు విదేశీ పుస్తకాల్లోని మంచు రేకులే వెతకనవసరం లేదు. మన చేనేతలో దారాలను లెక్కపెట్టి వేసే బొమ్మలన్నీ గళ్ల మీద నిలబడేవే. చీరాలలో పుట్టి, నేడు పుట్టపాకలో నేస్తున్న తేలియా రుమాలును చూడండి. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు, మూడింటి వెలుగూ మూడు మెట్లలో ఉంటుంది. నేను రంగుల గురించి ఇంతసేపు చెప్పినదంతా ఆ ఒక్క గుడ్డలో ఉంది. గద్వాల చీరల కోటకొమ్మ అంచు టోపీకి ఇంకా బాగా నప్పుతుంది. ఎనిమిది కుట్ల వెడల్పులో ఒక త్రికోణం గీయండి. మొదటి రెండు చుట్లలో ఏడు కుట్లు ముదురు, ఒకటి లేత. తర్వాతి రెండింటిలో ఐదు, మూడు. ఆపై మూడు, ఐదు. చివరి రెండింటిలో ఒకటి, ఏడు. మొత్తం ఎనిమిది చుట్లలో త్రికోణం దాదాపు మూడు సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తుతో వస్తుంది. 128 కుట్లలో ఇవి సరిగ్గా పదహారు పడతాయి. ఏడేసి కుట్లు దాటే చుట్లలో మాత్రం దారాన్ని నడుమ ఒకసారి చిక్కించాలి. మిగిలిన 13 చుట్లలో రెండు సాదా చుట్లు వదిలి, ఒక సన్నని గవ్వల వరుసో, నాలుగు కుట్ల చిన్న పువ్వుల వరుసో వేసి, పైన మళ్లీ సాదా చుట్లతో ముగించవచ్చు. చుక్కల ముగ్గుల్లో కూడా ఏటవాలు గీతలతో కట్టినవి చక్కగా వస్తాయి. మెలికల ముగ్గులను నేను సిఫారసు చేయను. వంపు తిరిగిన గీతకు ఇన్ని తక్కువ గళ్లు చాలవు, అది మెట్లుమెట్లుగా విరిగి ముగ్గు అందమే పోతుంది.

చివరగా నడినెత్తి. టోపీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. వచ్చే ఇబ్బంది ఏమిటంటే కుట్లు తగ్గుతున్న కొద్దీ పక్క బొమ్మకు చోటు మిగలదు. దాన్ని అలాగే పైకి కొనసాగించాలని పట్టుపట్టకండి. నడినెత్తికి వేరే బొమ్మను, పై నుంచి కిందకు చూసినట్టుగా గీసుకోండి. 128 కుట్లను పదహారేసి కుట్ల ఎనిమిది భాగాలు చేసి, ప్రతి రెండో చుట్టులో ఒక్కో భాగానికి ఒక్కో కుట్టు తగ్గిస్తే, పదిహేను తగ్గింపుల తర్వాత ఎనిమిది కుట్లు మిగులుతాయి. దీనికి 30 చుట్లు, అంటే పదిన్నర సెంటీమీటర్లు పడుతుంది. 53 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న వలయం పూర్తిగా చదునుగా మూసుకోవాలంటే వ్యాసార్ధం ఎనిమిదిన్నర, అంటే 24 చుట్లు చాలు. మనం ఆరు చుట్లు ఎక్కువ వేస్తున్నాం కనుక తల ఆకారానికి తగిన గుమ్మటం వస్తుంది. ఆ తేడా మరీ పెరిగితే టోపీ కోసుగా లేస్తుంది, చుల్లో ఆకారం కావాలనుకునేవారికి అదే మార్గం.

కాగితం మీద ఒక్క భాగాన్నే గీస్తే చాలు. అడుగున పదహారు గళ్లు, పైన ఒక గడి, మధ్యలో ప్రతి రెండు వరుసలకూ ఒక గడి తగ్గుతూ పోయే ముక్క. అందులో ఒక రేకు గీస్తే ఎనిమిది భాగాలు కలిసి ఎనిమిది రేకుల పద్మం అవుతుంది. ప్రతి భాగం అంచున ఒక కుట్టును ఎప్పుడూ ఒకే రంగులో ఉంచి, తగ్గింపును దాని పక్కనే, ప్రతిసారీ ఒకే దిశలో వేయండి. ఎనిమిది గీతలు నడినెత్తి దాకా తెగకుండా పోతాయి, వాటి మధ్యలో బొమ్మ ఎక్కడ తెగినా కంటికి అది తప్పుగా తోచదు. గీత మరింత తిన్నగా రావాలంటే భాగాలను నాలుగే చేసి, నడి కుట్టుకు ఇరువైపులా ఒక్కొక్కటి పోయేలా మూడు కుట్లను ఒకటి చేసే తగ్గింపు వేయండి. వేగం మారదు, ప్రతి రెండో చుట్టుకూ ఎనిమిదే తగ్గుతాయి. చివరి నాలుగైదు చుట్లలో రెండో రంగును వదిలేసి ఒకే రంగుతో ముగించడం మంచిది. అక్కడ రెండు దారాలు చేరితే నడినెత్తిలో ముద్ద కడుతుంది.

ఏ ఊలు వాడాలని కూడా అడిగారు. ఈ పనికి కొంచెం గరుకైన గొర్రె ఊలు శ్రేష్ఠం. దాని పోగుల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కనుక వెనక దారాలు జారవు, కుట్ల అంచులు కుదురుకుంటాయి. షెట్లండ్ ఊలుకు ఉన్న పేరు ఇందుకే. అలాగని మన దక్కనీ గొర్రెల ఊలు దీనికి పనికిరాదు. గొంగడికి అది అద్భుతమైనదే కానీ నుదుటి మీద భరించలేనంత ముతక. వాషింగ్ మెషీన్‌లో ఉతకడానికి వీలుగా శుద్ధి చేసిన ఊలు నున్నగా జారుతుంది కాబట్టి సూదిని ఒక మెట్టు తగ్గించండి. మన ఊళ్లలో సులువుగా దొరికే లూథియానా యాక్రిలిక్‌తో సాధన చేయడానికి అడ్డేమీ లేదు, రంగులూ విస్తారంగా ఉంటాయి. అయితే అది నీళ్లలో తడిపి ఆరబెట్టినా కుట్లు సర్దుకోవు కనుక అల్లేటప్పుడే సమంగా రావాలి. మధ్య రకం లావు ఊలుతో పెద్దవారి టోపీకి ప్రధాన రంగు 50 గ్రాములు, మిగిలిన రంగులన్నీ కలిపి మరో 30 గ్రాములు ఉంటే సరిపోతుంది. పాత స్వెట్టర్ల మిగులు ఉండలు దీనికి చక్కగా ఉపయోగపడతాయి, లావు ఒకటే అయితే చాలు.

మొదలుపెట్టే ముందు ఎరుపు, ముదురు నీలం ఊలు ముక్కలను తెల్ల ఊలు ముక్కతో కలిపి గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, తెల్లటి గుడ్డలో ఒత్తి చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ ఉండను మీగడ తెలుపు పక్కన వాడకండి. టోపీ పూర్తయ్యాక, చివరి ఎనిమిది కుట్లలోంచి దారాన్ని రెండుసార్లు పోనిచ్చి బిగించి, రంగు మారిన చోట్ల మిగిలిన కొసలన్నిటినీ అదే రంగు కుట్ల వెనక దూర్చండి. చుట్లు మొదలయ్యే చోటు తల వెనకకు వచ్చేలా పెట్టుకోండి, అక్కడ బొమ్మ అరమెట్టు ఎగుడుదిగుడుగా ఉండటం వలయంగా అల్లే పనికి సహజం. తర్వాత చన్నీళ్లలో ఊలు సబ్బుతో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, తల కొలతకు కొంచెం తక్కువగా ఊదిన బెలూన్ మీద తొడిగి నీడలో ఆరనివ్వండి. రిబ్బింగ్ భాగం బెలూన్ అంచు కింద వదులుగా వేలాడాలి, లేకపోతే అది సాగిపోయి పట్టు కోల్పోతుంది.